దయ్యమైతే వదిలిపోయేది

మా కోనసీమలో పెళ్ళి సంబంధం ముందుకి కదలాలంటే ఆరా మూడు చోట్ల తీస్తారు. ఊళ్ళో పెద్దమనిషి దగ్గర, పిల్లో పిల్లాడో చదివిన కాలేజీ దగ్గర, మెడికల్ షాపు దగ్గర. ఈ మూడోది బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. షాపు నడుపుతున్నవాణ్ణి కనుక నాకు తెలుసు. ఓ పెద్దాయన తలనొప్పి బిళ్ళ కొని, చిల్లర జేబులో వేసుకుని, వెళ్ళకుండా నిలబడతాడు. "ఫలానావారు మీ దగ్గరే తీసుకుంటారాండీ మందులు?" అంటాడు. ఆయన బెంగ షుగరు గురించో బీపీ గురించో కాదు. ఆ ఇంట్లో ఎవరైనా నరాల మందులు, అంటే మానసిక రోగానికి ఇచ్చేవి, వాడుతున్నారేమోనని. చెప్పనని తెలిసినా అడుగుతాడు. నేను కాస్త నసిగితే ఆ నసుగుడునే జవాబుగా తీసుకుని సంబంధం వదులుకుంటాడు. అందుకని నసగడం కూడా మానేశాను. ఎవరేం కొన్నారో ఎవరికీ చెప్పం అని అందరికీ ఒకటే మొహం పెట్టి చెబుతాను.

మా నాయనమ్మ తరంలో ఇంత గుట్టు లేదు. "పెద్దపిల్లకి కాపరానికి వెళ్ళకముందు గాలి సోకిందండీ, కాలవగట్టు మీద జడిసింది. మంత్రం వేయించాం, వదిలింది" అని పిల్ల మేనత్తే పదిమందిలో చెప్పేదట. వదిలిందన్నాక ఎవరూ తిరగేసి అడిగేవారు కారు. బయటినుంచి వచ్చిన దయ్యం బయటికే పోయింది. దాంతో పిల్లకి గానీ ఇంటికి గానీ లెక్క మిగల్లేదు. ఇప్పుడు చదువుకున్న ఇళ్ళల్లో దయ్యం మాట ఎత్తితే నవ్వుతారు. దాని బదులు గొంతు తగ్గించి "వంశంలో ఉందట" అంటారు. దయ్యం ఒక మనిషినే పట్టేది. వంశమనేసరికి అక్కకీ, తమ్ముడికీ, ఇంకా పుట్టని పిల్లలకీ కూడా అంటుకుంటుంది.

మానసిక రోగం ఎందుకొస్తుందన్న విషయంలో వందేళ్ళలో మనం చాలా దూరం వచ్చాం. వచ్చింది నిజం వైపే, అందులో నాకు సందేహం లేదు. రోగి తిరిగి నలుగురిలో కలిసే దారి మాత్రం ఆ మేరకు దగ్గర కాలేదు. ఒక్కో ఇంట్లో చూస్తే దూరమైంది కూడా. కారణం సరిగ్గా తెలిస్తే చిన్నచూపు దానంతటదే పోతుందని చదువుకున్నవాళ్ళం అనుకున్నాం. అలా ఏమీ జరగలేదు.

భూతవైద్యానికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. మిరపకాయల పొగ పెట్టడం, వేపమండలతో వాతలు తేలేలా కొట్టడం, రోజుల తరబడి తిండి పెట్టకపోవడం, ఇవన్నీ మా ఊళ్ళల్లో జరిగినవే. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడి దర్గాకి దూరదూరాల నుంచి రోగుల్ని తీసుకొచ్చి చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాల్లో వదిలేవారు. 2001 ఆగస్టు 6న అందులో ఒక ఆశ్రమం పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పరుగెత్తలేక 28 మంది చనిపోయారు. దయ్యం సిద్ధాంతంలో ఇంటివాళ్ళకి దొరికే ఊరట ఎంత పెద్దదైనా ఈ లెక్క ముందు నిలబడదు.

పైగా మన పాత వైద్యం కూడా అంతా దయ్యాల మీదకే తోసెయ్యలేదు. చరకసంహిత ఉన్మాదాన్ని ఐదు రకాలుగా చెబుతుంది. వాతం వల్ల, పిత్తం వల్ల, కఫం వల్ల, మూడూ కలిసి వచ్చేవి నాలుగు. ఐదోది బయటినుంచి వచ్చేది, ఆగంతుకం. ఆయుర్వేదంలో ఎనిమిది అంగాలుంటే వాటిలో భూతవిద్య ఒకటి. అంటే ఒంట్లో దోషమా, బయటి శక్తా అన్న మీమాంసని వాళ్ళు తేల్చకుండా రెండింటికీ చోటిచ్చారు. మా షాపుకొచ్చే జనం ఇప్పటికీ అంతే. పొద్దున్న బస్సుకి కాకినాడ వెళ్ళి డాక్టరుకి చూపించి, సాయంత్రం తాయెత్తు కట్టించుకొస్తారు. ఆదివారం ప్రార్థన చేయించేవాళ్ళూ ఉన్నారు. మాత్ర వేసుకుంటున్నంతవరకు తాయెత్తు జోలికి పోని డాక్టర్లే మా వైపు రోగుల్ని నిలబెట్టుకున్నారు.

పడమటి దేశాల్లో కథ ఇంకోలా నడిచింది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి పిచ్చాసుపత్రుల నిండా ఒక జబ్బు ఉండేది. నడివయసు మగవాడు ఉన్నట్టుండి నేనే చక్రవర్తినంటాడు, ఆస్తి దానం చేసేస్తాడు, తర్వాత మాట ముద్దవుతుంది, కాళ్ళు పడిపోతాయి, కొన్నేళ్ళలో పోతాడు. పాడు నడత వల్లనని కొందరు, పుట్టుకలోనే లోపమని కొందరు అన్నారు. 1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు ఆ రోగుల మెదడులో సిఫిలిస్ క్రిమిని చూపించారు. 1917లో వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే డాక్టరు ఇలాంటి రోగులకి కావాలని మలేరియా ఎక్కించాడు. జ్వరం విపరీతంగా కాసి సిఫిలిస్ క్రిమి చచ్చేది, తర్వాత క్వినైన్ ఇచ్చి మలేరియా తగ్గించేవాడు. దోమ పేరెత్తితే హడలిపోయే మా డెల్టా జనానికి ఇది చెబితే ఎవరికి పిచ్చి అని అడుగుతారు. కానీ దానికి 1927లో నోబెల్ వచ్చింది. తర్వాత పెన్సిలిన్ వచ్చి, మలేరియా అవసరం లేకుండానే ఆ జబ్బుని చాలావరకు తుడిచేసింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పెల్లాగ్రా అనే జబ్బులో చర్మం పొట్టు రాలుతుంది, విరేచనాలవుతాయి, మతి చెదురుతుంది. నియాసిన్ అనే విటమిన్ లోపం అది. జొన్నన్నమే తిండిగా బతికిన తెలంగాణ పల్లెల్లో కనబడితే హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం దాని మీద పనిచేసింది. వరి తినే మా వైపు దాని ఊసు లేదు. ఇంకా దగ్గరి సంగతి, 2007లో డాల్మావ్ అనే స్పెయిన్ డాక్టరు, ఆయన సహచరులు ఒక మెదడువాపుని గుర్తించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకి వస్తుంది. నిన్నటిదాకా బాగున్న పిల్ల ఎవరితోనో మాట్లాడుతుంది, మూతి వంకరలు తిప్పుతుంది, ఫిట్స్ వస్తాయి, కొయ్యలా బిగుసుకుపోతుంది. ఏ ఊళ్ళో చూపించినా దయ్యమనే అంటారు. క్రిములతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు దారితప్పి మెదడు మీద పడటం వల్ల వస్తుందది. కొందరిలో అండాశయంలో గడ్డ దీనికి మూలం. గడ్డ తీసేసి, యాంటీబాడీల్ని అణిచే వైద్యం త్వరగా చేస్తే చాలామంది కోలుకుంటారు.

కారణం ఇదీ అని తేలిపోయిన ప్రతి జబ్బూ పిచ్చాసుపత్రి దాటి వేరే వార్డుకి వెళ్ళిపోయింది. సిఫిలిస్ చర్మరోగాల వాళ్ళకి, పెల్లాగ్రా పోషకాహారం వాళ్ళకి, మెదడువాపు న్యూరాలజీకి. వాటి గురించి పెళ్ళివారు ఇప్పుడు మెడికల్ షాపు దగ్గర నిలబడరు. కారణం ఒక్కమాటలో తేలనివి మాత్రం సైకియాట్రీలో మిగిలిపోయాయి. లేని గొంతులు వినపడి, లేనిపోని అనుమానాలు పట్టే స్కిజోఫ్రినియా, కొన్నాళ్ళు అతిహుషారూ కొన్నాళ్ళు దిగులూ వచ్చే బైపోలార్, దిగులు వదలని డిప్రెషన్. వీటికి ఇదే కారణమని ఒకదాన్ని చూపించగలిగినవాడు ఇంతవరకు లేడు. అలాగని వైద్యం ఆగలేదు. మందు ముందొచ్చింది, కారణం వెనకాల ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఈ మందుల పుట్టుక చూస్తే ఒక్కటీ అనుకున్న దారిలో రాలేదు. 1952లో పారిస్‌లో పిచ్చికి వాడిన క్లోర్‌ప్రోమజిన్ ఆపరేషన్ల మత్తు కోసం చేసిన ప్రయత్నాల్లోంచి వచ్చింది. డిప్రెషన్ మందుల్లో మొదటి తరంది టీబీ మందు. రోగులు ఒళ్ళు కుదుటపడకముందే హుషారుగా తిరగడం చూసి కనిపెట్టారు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం గురించి 1949లో రాసిన జాన్ కేడ్ ఆస్ట్రేలియాలో గినీ పందుల మీద వేరే దేనికోసమో వెతుకుతున్నాడు.

మన సర్పగంధ కథ అన్నింటికంటే తమాషా. పిచ్చికీ నిద్రలేమికీ దాని వేరు నూరి ఇవ్వడం ఈ దేశంలో ఎప్పటినుంచో ఉంది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు అది ఉన్మాదానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని రాశారు. 1952లో స్విట్జర్లాండులో దాన్నుంచి రెసర్పిన్ తీశారు. 1954లో న్యూయార్కులో నేథన్ క్లైన్ పిచ్చాసుపత్రి రోగులకి ఇచ్చి ఫలితం చూపించాడు. అయితే బీపీకి రెసర్పిన్ వాడినవాళ్ళలో కొందరు దిగులుపడిపోతున్నారని వార్తలొచ్చాయి. రెసర్పిన్ మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాల్ని తగ్గిస్తుందని తేలింది. అయితే దిగులంటే ఆ రసాయనాలు తగ్గడమే కాబోలు అని ఊహ కట్టారు. 1965 నాటికి అది పెద్ద సిద్ధాంతమైంది. మన అడవిలో వేరు ఒకటి పడమటికి వెళ్ళి, సిద్ధాంతమై తిరిగొచ్చి, కాకినాడ డాక్టరు నోట "మెదడులో కెమికల్ తగ్గిందమ్మా" అన్న మాటగా మా ఊరు చేరింది.

ఈ మాట వల్ల మేలు జరిగిందని నేను ఒప్పుకుంటాను. షుగరుకి వాడినట్టే దీనికీ వాడాలి అని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ తగ్గుతుంది. "వాడు పొగరుబోతు, పని తప్పించుకోడానికి పడుకుంటున్నాడు" అనే నాన్న నోరు మూతపడుతుంది. కానీ 2022లో లండన్‌లోని జొవానా మోన్‌క్రీఫ్ బృందం సెరటోనిన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి, డిప్రెషన్‌కి అది తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. సైకియాట్రీలో చాలామంది "ఆ సంగతి మాకు ముందే తెలుసు" అన్నారు. తెలిసినవాళ్ళు మరి కౌంటరు దాకా ఎందుకు చెప్పలేదో! మాత్రలు పనిచేయవని మాత్రం దాని అర్థం కాదు. ఎందుకు తగ్గిస్తుందో పూర్తిగా తెలియకుండానే తగ్గించే మందులు నా అల్మారాల్లో చాలా ఉన్నాయి. ఆ వార్త వాట్సాప్‌లో చదివి ఉన్నపళంగా మాత్రలు మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి. మానాలంటే డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లిగా తగ్గించుకోవాలి.

మధ్యలో తల్లుల మీద పడ్డ కాలం కూడా ఒకటి నడిచింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే ఆవిడ, స్కిజోఫ్రినియా తెప్పించే తల్లులుంటారని రాసింది. అమెరికాలో కొన్నేళ్ళపాటు ఆ మాట నమ్మి, బిడ్డ జబ్బుతో సగం చచ్చిన ఆడవాళ్ళని దోషుల్లా కూర్చోబెట్టారు. తర్వాత అది ఆధారం లేని మాటని తేల్చారు. మా అత్తగార్లకి ఆ సిద్ధాంతం చదవకుండానే తెలుసు. "తల్లి పెంపకం" అనే మాట ఇప్పటికీ మా షాపులో వినిపిస్తుంది.

ఇక వంశం సంగతి. జన్యువుల పాత్ర ఉన్నమాట నిజం. మామూలు జనంలో వందకి ఒకరికి అటూఇటూగా స్కిజోఫ్రినియా వస్తే, తల్లికో తండ్రికో ఉన్న పిల్లల్లో పదింట ఒకరికి రావచ్చు. అంటే మిగతా తొమ్మిదిమందికి రాదు. మా వైపు ఆరా తీసేవాళ్ళకి ఈ తొమ్మిది ఎప్పుడూ కనబడదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం కూడా సగానికి లోపే. రోగుల్లో ఎక్కువమందికి దగ్గరి చుట్టాల్లో ఎవరికీ ఈ జబ్బు ఉండదు. అయినా వంశమనే మాటకి ఉన్న బలం ఈ అంకెలకి లేదు. ఈ పరిస్థితి ఇక్కడే ఉందనుకోకండి. 2013లో నిక్ హాస్లమ్ తదితరులు బోలెడు అధ్యయనాల్ని కలిపి చూశారు. జబ్బుకి ఒంట్లోని కారణాలు చెబితే రోగిని తప్పుపట్టడం కొంత తగ్గుతుంది గానీ, ఇతను బాగుపడడన్న నిరాశ పెరుగుతుందని తేల్చారు. మెదడు జబ్బు అని ప్రచారం చేసి చిన్నచూపు పోగొడదామనుకున్న ఉద్యమాలకి ఇది గట్టి దెబ్బ. మా నాయనమ్మ తరానికి దొరికిన "వదిలింది" అనే మాట ఈ కొత్త కథలో లేదు.

తాగుడుకి కూడా వంశంతో సంబంధం ఉందని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. తాత తాగి పొలం అమ్మాడు, తండ్రి తాగి కొబ్బరితోట అమ్మాడు, కొడుకు సాయంత్రమైతే కాలవగట్టు మీద కనబడతాడు. ఆ సంబంధం మాత్రం చక్కగా కుదురుతుంది. "మగాడన్నాక ఆ మాత్రం ఉండదేంటండీ" అంటారు. రోజూ ఒక మాత్ర వేసుకుని, ట్యూషన్లు చెప్పుకుంటూ, ఒకరి జోలికి పోని కుర్రాడికి పిల్లనివ్వరు. దీన్ని శాస్త్రం మీదకి తోయడం కుదరదు. మనం ఏ వంశాన్ని పట్టించుకోవాలో ముందే నిర్ణయించేసుకుని తర్వాత శాస్త్రాన్ని పిలుస్తున్నాం.

వంశం మీదే కళ్ళు పెట్టుకుంటే ఎదురుగా ఉన్నవి కనబడవు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని పెళ్ళగించింది. వెయ్యిమందికి పైగా పోయారు. తలలు తెగిన కొబ్బరిచెట్లు చాలాకాలం అలాగే నిలబడ్డాయి. అప్పుడు మంచం కింద దాక్కున్న పిల్లలకి ఇప్పుడు నలభై అటూఇటూగా ఉంటాయి. ఈదురుగాలి లేస్తే నిద్రపోలేనివాళ్ళు, పిల్లల్ని బడికి పంపలేనివాళ్ళు వాళ్ళల్లో ఉన్నారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో చూసి అమెరికావాళ్ళు 1980లో ఇలాంటిదానికి తమ రోగాల పట్టికలో చోటిచ్చారు. మా ఊళ్ళో దాన్ని జబ్బనే అనుకోరు, పిరికితనం అంటారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట చూసినవాళ్ళు, 2014లో నగరం గ్యాస్ పైపు పేలినప్పుడు దగ్గరున్నవాళ్ళు కూడా ఇంతే.

కువైట్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళ సంగతి వేరే రాయాలి. రాజోలు, నరసాపురం, అమలాపురం వైపు పల్లెల్లో పరాయి దేశంలో ఇంటిపని చేసి డాబా కట్టిన తల్లులు ఎందరో. కొందరు తిరిగొచ్చాక మాట్లాడరు. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగి తల్లిని కొత్తగా చూస్తారు, మొగుడు డబ్బు తాగేసి ఉంటాడు, అక్కడ ఏం జరిగిందో ఈవిడ చెప్పదు. దాన్ని గాలి అన్నా, కెమికల్ అన్నా, వంశం అన్నా ఆ ఇంటికి ఒక సౌకర్యముంది. ఏం జరిగిందని ఎవరూ అడగక్కర్లేదు. రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు పోయిన రైతుకి నిద్ర పట్టకపోవడం కూడా అంతే. ఆయనకి మాత్ర కావాలి, నేను కాదనను. మేత బాకీ మాత్రం మాత్రతో తీరదు.

మరి ఏది పనిచేస్తుంది? 1950లలో అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు చోటు చాలక, రోగుల్ని ఇంటివాళ్ళతో సహా ఆసుపత్రి ఆవరణలో గుడారాల్లో ఉంచాడు. రోగులు త్వరగా తేరుకున్నారు, ఇంటివాళ్ళు వదిలేసి పోవడం తగ్గింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆగ్రాతో సహా చాలా దేశాల ఊళ్ళల్లో స్కిజోఫ్రినియా రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించింది. పేద దేశాల్లో వాళ్ళు మెరుగ్గా కోలుకుంటున్నారని కనిపించింది. దాని మీద వాదనలు ఇంకా తెగలేదు. నాకు తోచేది, చేతనైనంత పని దొరకడం అందులో పెద్ద భాగమని. మా వైపు ఒకప్పుడు నెమ్మదిగా చేసేవాడికి కూడా పని ఉండేది. కొబ్బరికాయలు పోగెయ్యడం, పీచు ఆరబెట్టడం, పశువుల్ని తోలుకెళ్ళడం. మిషను వచ్చాక ఆ పనులు పోయాయి. ఇప్పుడు చెరువు కాపలా ఇస్తారు. రాత్రి మాత్ర వేసుకుని మత్తుగా ఉండే మనిషిని చీకట్లో చెరువుగట్టు మీద పెట్టడం ఎంత తెలివితక్కువో చెప్పక్కర్లేదు.

చట్టం మనకంటే ముందుంది. 1912 నాటి చట్టానికి రోగిని లోపల పెట్టడమే ముఖ్యం. 2017 చట్టం గొలుసులు వేయకూడదంది, సమాజంలో బతికే హక్కు ఇచ్చింది, బీమాలో మిగతా జబ్బులతో సమానంగా చూడమంది. చట్టం వచ్చినా బస్సు టికెట్టు మాత్రం రోగిదే. 2002లో యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చేదాకా మా వాళ్ళు కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే పంటు ఎక్కాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. ఇప్పుడు దారి సుఖమే. కానీ నెలనెలా ఒక కూలి రోజు పోతుంది, తోడొచ్చినవాడిది ఇంకో రోజు. మందులు ఆగిపోయిన ఇళ్ళల్లో చాలావాటికి మూఢనమ్మకం కారణం కాదు, ఈ రెండు రోజుల కూలి. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడే టెలీమానస్ 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు షాపు అద్దం మీద అంటించాను. చదివేవాళ్ళు ఎవరూ చూడనప్పుడు చదువుతారు.

మళ్ళీ పెళ్ళి దగ్గరికే వస్తాను, మా వైపు నష్టం జరిగేది అక్కడే కనుక. సంబంధం కుదిరాక కొందరు తల్లిదండ్రులు వచ్చి, పెళ్ళికి ముందు మాత్రలు మానిపించవచ్చా అని మెల్లిగా అడుగుతారు. కొత్త ఇంట్లో డబ్బా బయటపడుతుందని భయం. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందన్న నమ్మకం ఇంకోటి. మానిపిస్తారు. నిద్రలేని పెళ్ళి రాత్రులు, కొత్తచోటు, మందు లేదు. కొన్ని నెలల్లో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు అవతలివాళ్ళు మోసం చేశారంటారు, కోర్టుకి వెళతారు. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక రోగం ప్రస్తావన ఉంది. అయితే జబ్బు పేరు ఉన్నంతమాత్రాన విడాకులు రావని, కలిసి బతకలేనంత తీవ్రత ఉందా అన్నదే చూడాలని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. మందు వాడుతూ బాగున్న అమ్మాయికి చట్టం అండగా నిలబడుతుంది. దాచి, మానిపించి, జబ్బు ముదరనిచ్చిన అమ్మాయికి ఆ అండ తగ్గిపోతుంది.

ఇంకో సంగతి అమ్మాయిలున్న ఇళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. బైపోలార్‌కీ ఫిట్స్‌కీ ఇచ్చే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డ మెదడుకీ వెన్నుపాముకీ చేటు చేస్తుంది. ఆ హాని మొదటి వారాల్లోనే మొదలవుతుంది, నెల తప్పిందని తెలిసేలోపే. అలాగని సొంతంగా ఆపితే జబ్బు విరుచుకుపడుతుంది. పెళ్ళి మాటలు మొదలవగానే డాక్టరుకి చెబితే వేరే మందుకి మార్చి, అది కుదురుకునేదాకా చూస్తారు. దానికి నెలలు పడుతుంది. ముహూర్తం పెట్టుకుని, పెళ్ళికూతుర్ని చేసే ముందురోజు నా కౌంటరు దగ్గరికొచ్చి అడిగితే నేను ఇవ్వగలిగింది ఆ డాక్టరు ఫోన్ నంబరే.